ఎర్ర దారం సీసా

మా ఆవిడ ఇరవై ఎనిమిదేళ్లు నీళ్లు కలిపి జీతం తీసుకుంది. పాలవాడు కలిపితే మోసం, ఆవిడ కలిపితే శాస్త్రం. కాలేజీ ప్రయోగశాలలో ద్రావణాలు తయారుచేయడం ఆవిడ ఉద్యోగం. లెక్కలంటే నాకు కాన్వెంటులో మోకాళ్ల మీద నిలబడ్డ జ్ఞాపకం తప్ప మరేమీ లేదు. ఆవిడ మాత్రం కూరగాయలు తరుగుతూనే ఎన్ని లీటర్లకు ఎన్ని గ్రాముల ఉప్పో చెప్పేసేది. ఒకసారి వానను చూసి, "ఇవాళ మబ్బును పలచగా కలిపారు" అందని నేను చెబితే మనవలు ఇప్పటికీ నమ్ముతారు.

పదింతలు చిక్కగా ఉన్న ద్రావణం సీసా మెడకు ఎర్ర దారం, వాడకానికి సిద్ధంగా ఉన్నదానికి తెల్ల దారం కట్టేది. చీటీ తడిస్తే చెరిగిపోతుంది, దారం చెరగదు అనేది.

ఒక ఏడు ఆవిడ కళ్లకు శుక్లాలు వచ్చాయి. సీసాల దగ్గరికి రానివ్వరన్న భయంతో ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంది.

ఒక మధ్యాహ్నం ఆవిడ మరిచిపోయిన కళ్లజోడు ఇవ్వడానికి ప్రయోగశాలకు వెళ్లాను. అక్కడ పరిశోధన చేసే అమ్మాయి ఉంది. నడవడం ఎరగదు గనక అందరూ పరుగులపిల్ల అంటారు. గాజులాంటి పెట్టెలో మెత్తటి జెల్లు పలక, దాని మీద ఉప్పునీళ్లు. ఆ నీళ్లు మా ఆవిడే పోసింది. పలక అంచున ఉన్న చిన్న గుంటల్లో నీలం రంగు కలిపిన డీఎన్‌ఏ చుక్కలు వేసి కరెంటు పెడితే చిన్న ముక్కలు ముందుకు ఉరుకుతాయి, పెద్దవి వెనకబడతాయి.

"ఇదే ఆఖరి చుక్క పెద్దమ్మా. మళ్లీ డీఎన్‌ఏ తీద్దామంటే ఆ గింజలు కూడా అయిపోయాయి. ఇది పోతే రెండేళ్ల పని బూడిదలో పోసిన పన్నీరే."

"పోదులే తల్లీ. ముందు నువ్వు ఊపిరి తీసుకో."

స్విచ్ వేశారు. కాసేపటికి మా ఆవిడ, పిల్లల నుదురు చూసినట్టు, పెట్టె మీద అరచేయి తిప్పి ఆనించింది. వెంటనే స్విచ్ ఆపేసింది.

"ఏవండీ, ఆ సీసాకు ఏ రంగు దారం ఉంది?"

జీవితంలో వెయ్యి అబద్ధాలు అవలీలగా ఆడినవాణ్ని. ఆ క్షణాన ఒక్కటీ నోటికి రాలేదు. "ఎర్రది" అన్నాను.

"నేనే సీసాలు మార్చి పెట్టానేమో పెద్దమ్మా..."

"కాదమ్మా. నాకు మూడు నెలలుగా కళ్లు సరిగా కనబడట్లేదు, దాచాను. నీళ్లు కలపకుండా చిక్కటిదే పోసేశాను. ఉప్పు ఎక్కువై కరెంటు ఎక్కువ పారింది, ఇంకాసేపైతే వేడికి పలక కరిగిపోయేది. నీలం గీత పలకలోకి దిగిందా? నువ్వే చూసి చెప్పు."

"దిగింది. గోరంత."

"అయితే బతికింది, నీళ్లు మార్చినా కొట్టుకుపోదు. ఆ నీళ్లు తీసెయ్. ఎర్ర దారం సీసాలోంచి వంద మిల్లీలీటర్లు కొలువు. తర్వాత లీటరు గీత దాకా మంచినీళ్లు."

"అంటే తొమ్మిది వందలేగా?"

"ఔను. తొందరలో వెయ్యి పోసేవు, పదకొండు వంతులైపోతుంది."

నాకేమో నోరు మూసుకుని కూర్చునే పని ఇచ్చారు. అన్నిటికంటే కష్టమైనది అదే.

కొత్త నీళ్లు పోసి మళ్లీ కరెంటు పెట్టారు. గంట తర్వాత ఊదారంగు కాంతి చిమ్మే దీపం మీద పెడితే పలకలో గీతలు వెలిగాయి. మా ఆవిడ వంగి చూసింది. ఆవిడకు కనిపించింది మసక వెలుతురు మాత్రమే. ఎప్పుడూ ఒకచోట నిలవని ఆ పిల్ల అక్కడే నిలబడి, ఆవిడ వేలు పట్టుకుని అడ్డుగా ఉన్న అద్దం మీద మెల్లగా నడిపించింది. "ఇదిగో, ఇక్కడొకటి. కాస్త కిందికి రా పెద్దమ్మా... ఇక్కడ ఇంకోటి. మనకు కావలసింది ఇదే."

మర్నాడు ఆవిడే వెళ్లి ప్రొఫెసరమ్మకు సంగతంతా చెప్పింది. సీసాల నుంచి ఎవరూ దూరం చేయలేదు. కళ్ల ఆపరేషన్ అయ్యేదాకా లెక్క ఆవిడ చెప్పేది, కొలత ఆ పిల్ల కొలిచేది.

కట్టు విప్పిన రోజు ఆ పిల్ల గీతల ఫోటో పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. మా ఆవిడ దాన్ని చాలాసేపు చూసింది.

"ఇంత సన్నటి గీత కోసమా తల్లీ, అంత హడలిపోయాం?" అని కళ్లు తుడుచుకుని, నా వైపు తిరిగింది. "ఏవండీ, మీరెప్పుడు ఇంత ముసలివారయ్యారు?"

"నాదేం లేదు. ఇన్నాళ్లూ నన్ను పలచగా కలుపుకుని చూశావు" అన్నాను.