బాబాయి చెప్పిన క్షమాపణలు

మా బాబాయి నాటకాల కంపెనీకి మేనేజరు. నేను పెరిగింది వాళ్ళింట్లోనే కాబట్టి చెబుతున్నాను, ఆయన చేసే అసలు పని ఒకటే: ఎవరైనా నొచ్చుకుంటే తెర ముందుకొచ్చి చేతులు జోడించడం. గొంతు ఎక్కడ వణకాలో, రుమాలు ఎప్పుడు తియ్యాలో ఆయనకి కొట్టినపిండి. ఆ క్షమాపణ చూడ్డానికే టికెట్టు కొనేవాళ్ళుండేవారు.

ఈ నొచ్చుకోవడం ఇవాళ్టిది కాదు. రాజుల కాలంలో ఆ హక్కు ఒక్క రాజుగారికే ఉండేదట. తాతయ్య హయాంలో జనం కుళ్ళిన టమాటాలు తెచ్చేవారు. ఇప్పుడు హాలు గడప తొక్కనివాళ్ళు కూడా మంచమ్మీద పడుకుని ఫోన్లో నొచ్చుకుంటున్నారు. నన్నడిగితే టమాటాలవాళ్ళే నయం, కనీసం టికెట్టు కొనేవారు.

క్షమాపణ చెప్పాక, నొప్పించిన వేషం తీసెయ్యడం కంపెనీ ఆనవాయితీ. డాక్టర్లు నొచ్చుకున్నాక రోగి తనంతట తనే లేచి కూర్చునేవాడు. పోలీసులకి కోపం వచ్చాక దొంగే జైల్లోకెళ్ళి తాళం వేసుకునేవాడు. కథ ఏమైపోయినా, గయ్యాళి అత్త వేషంలో పిన్ని చెయ్యి తిప్పుతూ రాగానే హాలు ఈలలతో దద్దరిల్లేది. ఆ వేషం కోసమే ఆవిడ పగలంతా అందరి బట్టలూ కుట్టేది.

చివరికి అత్తగార్ల సంఘం కూడా వచ్చింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, తమనే అన్నామని అధ్యక్షురాలు గొడవ. బాబాయి అలవాటుకొద్దీ ఆ సాయంత్రమే తెర ముందుకెళ్ళి, "రేపటి నుంచి అత్త వేషం ఉండదు" అనేశాడు. తెర వెనక మొహానికి రంగు పూసుకుంటూ పిన్ని విన్నది.

ఇంటికెళ్ళాక రణరంగమే అనుకున్నాను. ఆవిడ కంచం పెట్టి, "ఊళ్ళో అందరికీ మనసుందన్నావు. మరి నాకు?" అంది.

"నీకు చెప్పాల్సింది. తోచలేదు."

"నేను బతికేది ఆ కాసేపే. అదే తీసేశావు."

బాబాయి కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. నాకైతే ఆయన మీద ఒళ్ళు మండింది.

మర్నాడు వేషం తీశారో లేదో చూద్దామని అత్తగార్లంతా ముందు వరసలో కూర్చున్నారు. బాబాయి వచ్చాడు. రుమాలు తియ్యలేదు.

"నిన్నటి క్షమాపణ వెనక్కి తీసుకుంటున్నాను. ఆ వేషం మా ఆవిడది. అడక్కుండా తీసేశాను. ఇవాళ ఆవిడకి చెప్పుకుంటున్నాను, తప్పయిపోయింది" అన్నాడు. గొంతు వణకకూడనిచోట వణికింది.

పిన్ని చెయ్యి తిప్పుతూ వచ్చింది. అధ్యక్షురాలు మూతి ముడుచుకుని చూసి చూసి, పక్కావిణ్ణి మోచేత్తో పొడిచి, "అచ్చం మీరే" అంది. "నేనా? మీరే" అంది ఆవిడ. ఇక ఆ వరసంతా నవ్వు ఆపుకోలేకపోయింది.

తర్వాతి వారం కోడళ్ళొచ్చారు, తమని మరీ నోరులేనివాళ్ళలా చూపించారని. బాబాయి కుర్చీలు వేయించి, "ఆ సంగతి అత్తగారితోనే మాట్లాడుకోండమ్మా" అని లోపలికి కేకేశాడు. పిన్ని వేషంలోనే బయటికొచ్చింది. కోడళ్ళందరూ లేచి నిలబడ్డారు.