కడప రాయి నడిచిన ఒడ్డు

మొన్న శుక్రవారం పొద్దున జమ్మలమడుగులో మా సోషల్ మేడం కన్నుమూశారు. కబురు వినగానే బండల పాలిష్ మిషన్ ఆపేశాను. ఏడుపొస్తుందనుకుంటే ముందు నవ్వొచ్చింది, ఆమె గెలిచిన రోజు గుర్తొచ్చి.

హైస్కూల్లో సముద్రతీరాల పాఠం ఆమె పెద్ద పళ్లెంలో చెప్పేవారు. ఒక పక్క పెన్నా ఇసుక, ఇంకో పక్క నీళ్లు పోసి అట్టముక్కతో అలలు లేపేవారు. "అల ఏటవాలుగా వస్తాది, ఎనక్కి నేరుగా జారతాది. ఇసుక మొదలున్న చోటికే తిరిగి రాదు, రవ్వంత పక్కన పడతాది. అట్లా ఒడ్డు నడుస్తా ఉంటాదప్పా." గండికోట లోయ అంచున నిలబెట్టి, "ఏరు ఈ కొండను కోసిన పొడే ఆడ సముద్రం కాడ తీరమైతాది" అన్నారు.

నాకు నోటిదురుసు. "సముద్రం యాడ సూసినారు మేడం?" అన్నాను. క్లాసు గొల్లుమంది. "సూడలేదప్పా" అని ఒప్పుకున్నారు. నేను సిగ్గుపడడానికి చాలా ఏళ్లు పట్టింది.

రిటైరయ్యాక ఒకసారి మా ఇంట్లో కాఫీ తాగుతూ అన్నారు: "ఒడ్డు నడుస్తాదని ఇంతమందికి చెప్తిని. అది తప్పైతే పిల్లోళ్లకు అబద్ధం నేర్పినట్లే కదప్పా." ఆమెకు అది నిజమైన దిగులు. ఆ ఆదివారమే కారెక్కించి నెల్లూరు దాటించి సముద్రం దగ్గరికి తీసుకెళ్లాను. మా మిషన్ దగ్గర రాలే నల్లరాయి పెచ్చులు, గోరంతవి, సంచిలో వేసుకున్నాను.

మేడం ఒడ్డున గుర్తుకు కర్ర పాతి, దాని ఎదురుగా అలలు తాకే చోట గుప్పెడు పెచ్చులు పెట్టారు. వల సర్దుకుంటున్న పెద్దాయన, "ఏందమ్మా, రాళ్లు నాటితే మొలుస్తాయా?" అన్నాడు. గంటసేపు ఆమె కదల్లేదు, తెచ్చుకున్న చిత్రాన్నం ముట్టలేదు. తర్వాత వెతికాం. దక్షిణం వైపు ఒక్కటీ లేదు. ఉత్తరంగా పదడుగుల్లో ఒకటి, ఇంకొంచెం పోతే రెండు, ఆ ముందు ఇంకోటి.

"మనూరి రాయేనప్పా" అంటూ అరచేతిలో పెట్టుకుని చూపించారు. పెద్దాయన తేలిగ్గా, "ఈ కాలంలో ఇసకంతా ఆ పక్కకే బోద్దమ్మా, మాకు తెలీదా" అన్నాడు. మేడం ఆయన రెండు చేతులూ పట్టేసుకున్నారు. నా కళ్లతో చూసిన గెలుపుల్లో అదే పెద్దది.

ఆ ఊపులో చీర కుచ్చిళ్లు దోపుకుని మోకాళ్ల లోతుకు దిగారు. కాళ్ల కింద ఇసుక జారిపోతోంది. అలకో అడుగు ఉత్తరానికి తూలుతున్నారు. పరుగెత్తి చెయ్యి అందించాను. తోసేశారు.

"పట్టుకోవాకప్పా. నన్ను యాడిదాకా తీసకపోతాదో సూస్తా" అని నవ్వుతూ, చేతులు రెండూ చాపి, అలా పోతూనే ఉన్నారు.