లాప్‌టాప్‌లో నూలు దుమ్ము

నాలుగు రోజులు సిరిసిల్ల మరమగ్గాల షెడ్లన్నీ తిరిగి, కార్మికులకు వినికిడి పరీక్షలు చేసి, కరీంనగర్ బస్టాండులో దిగేసరికి నాకు ఎవరితోనూ మాట్లాడే ఓపిక లేదు. మర్నాడు పొద్దున్నే ఆదిలాబాద్‌లో మా సంస్థ సమావేశం. అక్కడ ఎవరి పరీక్షల వివరాలు చూపిస్తానో వాళ్ళకే చెవి మిషన్లు వస్తాయి. ఆ వివరాలన్నీ నా లాప్‌టాప్‌లోనే ఉన్నాయి. ఇంకోచోట కాపీ పెట్టుకోవాలన్న బుద్ధి నాకు పుట్టలేదు.

బస్సుకు ఇంకా టైముందని బెంచీ మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచాను. లోపల ఫ్యాను ఒక్కసారి గొల్లుమంది. తెర నల్లబడింది. ఎన్నిసార్లు నొక్కినా మళ్ళీ వెలగలేదు.

కంపెనీ హెల్ప్‌లైనుకు ఫోన్ చేశాను. ఒకటి నొక్కమంది, రెండు నొక్కమంది, ఏదో సంగీతం వినిపించింది. చాలాసేపటికి దొరికిన అమ్మాయి ఎంతో మర్యాదగా, వారంలోగా మనిషిని మా ఇంటికి పంపుతానంది. నేను ఇంట్లో లేనమ్మా, బస్టాండులో ఉన్నానంటే, ఇంటికి వెళ్ళాక మళ్ళీ చేయండి మేడమ్ అంది. ఆ పిల్ల తప్పేం లేదు. అయినా నా చిరాకంతా ఆమె మీదే చూపించాను. ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చింది.

టీ కొట్టు ఆమె చెబితే వెనక సందులో ఉన్న రిపేరు షాపుకు వెళ్ళాను. నడివయసు మనిషి ఒక్కడే కూర్చుని ఉన్నాడు. నేను చెబుతున్నంతసేపూ నా నోటివైపే చూశాడు. ఈ వయసులో ఇదేం బుద్ధి అనుకుని చున్నీని మూతికి అడ్డంగా లాక్కున్నాను. అక్కడి నుంచి నేను అడిగిన దేనికీ అతను జవాబు చెప్పలేదు. పొగరనుకున్నాను.

అడుగు మూత విప్పాక మాత్రం నవ్వాడు. ఫ్యాను చుట్టూ నూలు దుమ్ము ఉండకట్టి ఉంది. పట్టకారుతో లాగి నాకు చూపించాడు.

"గాలిపైపుతోని ఊదిండ్రా దీన్ని?"

ఊదారని తలూపాను. సిరిసిల్లలో ఒక కార్మికుడు, లాప్‌టాప్ మీద పేరుకున్న దుమ్ము చూడలేక, తన మరమగ్గాన్ని దులిపే గాలిపైపు తెచ్చి పాపం ఎంతో శ్రద్ధగా సందుసందులోకీ ఊదాడు. నేను మెచ్చుకున్నాను కూడా.

"మావోల్లు గంతే. దుమ్ము గానొస్తె ఊదాలె. సాంచె మీదిదైతె ఎగిరిపోతది, గిండ్ల లోపటికి పోయి కూసుంటది" అన్నాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు.

"పేర్లన్నీ పోయినయా అన్నా?" అని, బ్యాగులో ఛార్జరు వెతుక్కుంటూ అడిగాను. జవాబు లేదు. మళ్ళీ అడిగాను. లేదు. అప్పటికి రెండు బస్సులు వెళ్ళిపోయాయి. నాకు తిక్కరేగింది.

"ఏందన్నా, బెల్లం కొట్టిన రాయి లెక్క ఉలకవు పలకవు!" అని అరిచాను.

ఆ అరుపుకు తలెత్తాడు. "జర ఇటు మల్లి మాట్లాడు చెల్లె. పదిహేనేండ్లు సాంచెలు నడిపిన. మూతి గానొస్తెనే సమజైతది."

చున్నీ తీసేశాను. షెడ్లలో ఆ హోరు మధ్య అందరూ ఒకరి మూతి ఒకరు చూసుకుని మాట్లాడుకోవడం నాలుగు రోజులుగా చూస్తూనే ఉన్నాను. చెవులు పరీక్షించడమే నా పని. అయినా ఈ మనిషిని గుర్తుపట్టలేక తిట్టుకుంటూ కూర్చున్నాను. నిజంగా సిగ్గేసింది.

అతను ఏమీ అనుకోలేదు. సన్న కుంచెతో దుమ్మంతా తీసి, పాడైన ఫ్యాను బదులు ఏదో పాత లాప్‌టాప్‌లోది బిగించాడు. అన్నం డబ్బా పక్కనే ఉన్నా మూత తీయలేదు. మొత్తానికి తెర వెలిగింది. పేర్లన్నీ ఉన్నాయి. నమ్మకం కుదరక రెండుసార్లు చివరిదాకా చూసుకున్నాను.

"మీ పేరు గూడ రాస్త, పరీక్షకు కూసోండ్రి" అన్నాను.

"నాకొద్దు. చెవుడని తెలిస్తె షాపుకు ఎవ్వలొస్తరు? అయినా నాకు మంచిగనే వినొస్తది."

బతిమాలితే కూర్చున్నాడు. బ్యాగులోని పరీక్ష హెడ్‌ఫోను లాప్‌టాప్‌కు తగిలించి అతని చెవులకు పెట్టి, చప్పుడు వినిపించినప్పుడల్లా వేలెత్తమన్నాను. మీట నొక్కాను, ఎత్తాడు. తగ్గించి నొక్కాను, ఎత్తాడు. ఎంత తగ్గించినా ఎత్తుతూనే ఉన్నాడు. అలసటలో అర్థమవడానికి నాకు కాసేపు పట్టింది. అతను చూస్తున్నది నా వేలిని.

నా చేయి కనపడకుండా లాప్‌టాప్‌ను అడ్డం జరుపుకున్నాను. సన్నటి కీచు చప్పుడుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోయాను. అతని వేలు బల్ల మీదే ఉంది. ఇంకా పెంచాను. ఆఖరి మెట్టుకు చేరేసరికి ఆ కీచు హెడ్‌ఫోను దాటి నాకే వినిపిస్తోంది. అతను నా ముఖంలోకి చూస్తూ ఓపికగా కూర్చున్నాడు.

"ఇంకా షురు కాలేదా చెల్లె?" అన్నాడు.