ఏటి పాఠానికి ఏరు కట్టేశారు

కువబార షిజుఎ టీచరు ముప్పై ఏడేళ్ళుగా నాలుగో తరగతి పిల్లలకు ఏటి పాఠం చెబుతోంది. బడి గేటుకీ మత్సునె ఏటికీ మధ్య రెండు వందల అడుగులు. పాఠం మాత్రం ఆటల హాల్లోనే. నేల మీద నీలం టార్పాలిన్ పరిచి, అదే ఏరనుకోమంటారు. "ఏరు మనకు అన్నం పెట్టే తల్లి" అని ఒక గోడ మీద, "ఏటి దగ్గరికి వెళ్ళరాదు" అని ఎదురు గోడ మీద రాసి ఉంటుంది. కన్నతల్లి గురించి పిల్లలకు ఇంత చక్కగా ఇంకెక్కడా చెప్పరు.

వచ్చే మార్చిలో ఆవిడ రిటైరవుతుంది. ఆలోగా ఒక్క తరగతినైనా పారే నీళ్ళలో నిలబెట్టాలని ఆవిడ కోరిక. మొదటి అర్జీ పెట్టినప్పుడు నల్ల జుట్టు, ఇప్పుడు తల ముగ్గుబుట్ట. అర్జీ మీద సంతకాలకు బదులు ఆరుగురి పేర్ల ముద్రలు పడాలి. కిందివాళ్ళ ముద్ర పైవాళ్ళ ముద్ర వైపు కాస్త ఒరిగి ఉండటం అక్కడి మర్యాద. కాగితం మీద కూడా నడుం వంచాలన్నమాట. షిజుఎ ముద్ర ఇంకొంచెం ఒరిగితే సాష్టాంగమే. అయినా అర్జీ ఏటా తిరిగొచ్చేది.

ఈ ఏడు ఏ గ్రహం అనుకూలించిందో, ఒప్పుకున్నారు. సెప్టెంబరులో ఒక రోజు, పదిన్నర నుంచి పదకొండున్నర దాకా. హెల్మెట్లు, లైఫ్ జాకెట్లు, ఏడుగురు కాపలా. చీలమండ దాటి తడవకూడదు.

ఆ రోజు పిల్లలు ముస్తాబై మెట్లు దిగారు. కింద రాళ్ళున్నాయి, బురద ఉంది. నీళ్ళు లేవు.

"ఏరేదండీ?" అంది షిజుఎ.

టౌను ఆఫీసాయన గడియారం చూసుకున్నాడు. "పైన ఆనకట్ట గేటు దించేశాం మేడమ్. పన్నెండింటికి ఎత్తేస్తాం."

"ఏటి పాఠానికి ఏరు కట్టేశారా!"

"నీళ్ళుంటే ప్రమాదం కదండీ."

హెడ్మాస్టరు నగమినె సంతోషించాడు. "మంచి పని చేశారు. చీలమండలు కొలిచే బాధ తప్పింది. కానివ్వండమ్మా." తానే మైకు అందుకుని, ఎండిన ఏటి ఒడ్డున నీటి మహిమ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. పెళ్ళికొడుకు రాకుండానే తాళి కట్టించే రకం.

"టీచర్! ఇక్కడేవో కొట్టుకుంటున్నాయి!" అని అరిచింది చిహాయ అనే పిల్ల.

బురదలో చేపపిల్లలు నోళ్ళు తెరుచుకుని పడి ఉన్నాయి. అంతే, వరస చెదిరింది. పిల్లలు హెల్మెట్లు ఊడదీసి, గుంటల్లో మిగిలిన నీళ్ళు వాటిలో పట్టి చేపల్ని ఏరడం మొదలెట్టారు.

"హెల్మెట్లు తలకి పెట్టుకోండ్రా!" అని మైకు గోల పెట్టింది.

"తలకెందుకు సార్ నీళ్ళు? చేపలకి కావాలి గానీ," అంది చిహాయ.

పదకొండున్నరయింది. "పైకి రండి! బడిలో కర్రీ అన్నం చల్లారిపోతుంది!" అంది మైకు.

"మరి వీటినేం చేయమంటారు సార్?"

పిల్లలు షిజుఎ వైపు చూశారు. రమ్మంటే వచ్చేస్తారు. ఇంకో తరగతి ఆవిడకు రాదు. ఆవిడకు కోపం వచ్చింది, ఎవరి మీదో కాదు, ముప్పై ఏడేళ్ళు ఒరిగి ఒరిగి ముద్రలు వేసిన తన మీదే. చెప్పులు విడిచింది.

"అందరూ మెట్ల పక్కకి రండి. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోండి. నీళ్ళొచ్చాకే పోదాం."

పన్నెండింటికి గేటు లేచింది. ముందు బురద నీళ్ళు, వెనకాలే చల్లటి తేట నీళ్ళు, చీలమండలు దాటి మోకాళ్ళ దాకా వచ్చాయి. పిల్లలు కెవ్వుమని కేకలు వేస్తూ హెల్మెట్లు వంచేశారు. షిజుఎకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

సాయంత్రం నివేదిక బల్ల మీద ఉంది. నగమినె ముందు రోజే టైపు చేయించి, తన ముద్ర కూడా వేసేశాడు. "లక్ష్యం నెరవేరింది. ప్రమాదాలు లేవు. కాళ్ళు తడవలేదు." షిజుఎ చివరి మాట కొట్టేసి, "మోకాళ్ళ దాకా తడిశాయి" అని రాసింది.

"ఇదేంటమ్మా! పైవాళ్ళు అడుగుతారు!" అన్నాడు నగమినె.

"అడగనివ్వండి సార్."

ముద్ర తీసి, ఆయన ముద్ర పక్కనే నిటారుగా వేసింది.