ఎర్ర గుండ్రం

పెద్ద రైల్వే స్టేషన్‌లో ప్రయాణికుల సామాన్లు తనిఖీ చేసే యంత్రం ముందు కూర్చోవడం మా అక్క ఉద్యోగం. ఎవరు బట్టలు మడతపెట్టకుండా కుక్కారో, ఎవరు పుట్టింటి గిన్నెలు ఎత్తుకెళ్తున్నారో తెర మీద చూసి ఇట్టే చెప్పేస్తుంది. అక్కడి కూలీలు ఆమెను ‘ఎక్స్‌రే అక్క’ అంటారు. ఇంట్లో మాత్రం కళ్లజోడు ఎక్కడ పెట్టిందో ఆవిడకే తెలియదు.

ఈమధ్య ఆమెకు కొత్త తెర ఇచ్చారు. అనుమానం తగిలితే చాలు, దానంతటదే ఎర్ర గుండ్రం గీసేస్తుంది. ఇస్త్రీపెట్టెకు గీస్తుంది, గొడుగుకు గీస్తుంది, ఒక పెద్దాయన కట్టుడు పళ్లకు కూడా గీసింది. అక్క మాత్రం దాన్ని తిట్టదు. ఒకసారి ఓ చేతిసంచిలో గుండ్రం పడిన చోట నిజంగానే పిస్తోలు దొరికింది మరి.

ఆసుపత్రికీ అలాంటిదే వచ్చింది. రొమ్ము ఎక్స్‌రేను కంప్యూటర్ చదివి, మనిషి కంటికి ఆనని మచ్చను కూడా పట్టేస్తుందట. క్యాన్సర్ లేదనిపించుకుంటే ఓ పనైపోతుంది, వెళ్లమని అక్క ప్రాణం తీసింది నేనే. పోరు పడలేక వెళ్లింది. ఎడమవైపు గుండ్రం పడింది, మళ్లీ రమ్మని ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది.

“నాకూ గీసిందన్నమాట,” అని నవ్వేసి అక్క వంటింట్లోకి వెళ్లింది. పాలు పొయ్యి మీద పెట్టి, పక్కనే నిలబడి కూడా పొంగిపోనిచ్చింది. అక్క పాలు పొంగిపోనివ్వడం నేనెన్నడూ చూడలేదు. అప్పుడు నిజంగా భయం వేసింది నాకు.

ఇద్దరం ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరమ్మ ఏదీ దాచలేదు.

“దీంతో మంచీ ఉంది, చెడూ ఉందండీ. ప్రమాదమైనదైతే ముందే దొరుకుతుంది, ప్రాణం నిలబడొచ్చు. కానీ గుండ్రం పడినవాళ్లలో ఎక్కువమందికి ఏమీ ఉండదు. ఊరికే దిగులు, ముక్క తీసి పరీక్షించడానికి సూదిపోటు. జన్మలో ఏ హానీ చేయనివి కూడా కొన్ని దొరుకుతాయి. ఏది ఊరుకుంటుందో ఏది పెరుగుతుందో చెప్పలేక వాటికీ వైద్యం చేసేస్తాం.”

“ఆ సూదేదో ఇప్పుడే పెట్టెయ్యండి,” అన్నాను, రొమ్ము నాదైనట్టు.

“నువ్వుండవే,” అంది అక్క. “డాక్టరుగారూ, మా దగ్గర గుండ్రం పడగానే పెట్టె తెరిచెయ్యం. ముందు పక్కకి తిప్పి మళ్లీ పంపిస్తాం. చెప్పు మీద గొడుగు పడినా ఒక్కోసారి తుపాకీలా కనిపిస్తుంది. నన్నూ అలా తిప్పి చూస్తారా?”

డాక్టరమ్మ పకపకా నవ్వింది. “నేను చెప్పబోయేది అదేనమ్మా! ఇంకో కోణంలో తీద్దాం, స్కానింగ్ కూడా చేద్దాం. అప్పటికీ అనుమానం పోకపోతేనే సూది.”

తీశారు. ఫలితం కోసం వరండాలో బల్ల మీద కూర్చున్నాం. అక్క జోకులేస్తూనే ఉంది గానీ, నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్లు తిమ్మిరెక్కాయి. చివరికి డాక్టరమ్మే బయటికొచ్చి చెప్పింది: మచ్చా లేదు, ఏమీ లేదు. నీడ మీద నీడ పడిందంతే.

నాకు ఏడుపొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది.

“దిక్కుమాలిన యంత్రం! ఊరికే చంపుకుతింది. మళ్లీ ఈ గుమ్మం తొక్కావంటే చూడు!”

“పిస్తోలు సంగతి మర్చిపోయావా? మళ్లీ పిలిచినప్పుడు వస్తాను. కాకపోతే కోసెయ్యండి, పొడిచెయ్యండి అని గోలపెట్టే నిన్ను మాత్రం తీసుకురాను.”

మర్నాడు అక్క మర్చిపోయిన కళ్లజోడు ఇవ్వడానికి స్టేషన్‌కు వెళ్లాను. సరిగ్గా అప్పుడే ఒక అమ్మాయి పెట్టెకు గుండ్రం పడింది. రైలు కదిలే వేళయింది, ఆ పిల్ల ముఖంలో నెత్తుటిచుక్క లేదు. ఇదివరకైతే అక్క తల తిప్పకుండానే “పక్కకి జరగండి” అనేది.

“కంగారుపడకమ్మా, ఎక్కువసార్లు ఏమీ ఉండదు. ఒక్కసారి తిప్పి చూస్తాను,” అంది.

పెట్టె మళ్లీ లోపలికి వెళ్లింది. అక్క కళ్లు తెర మీదే ఉన్నాయి. చెయ్యి మాత్రం ఆ అమ్మాయి చేతిని పట్టుకునే ఉంది.