మసి కనబడని రంగు

ఇప్పుడు మీ ఒంటి మీదున్న బట్ట రంగును ఎంచుకున్నది ఎవరు? నేనే అంటారు మీరు. ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఏ వారం ఏ రంగు కట్టాలో చెబుతూ రోజూ ఫోనులోకి వచ్చిపడే పట్టికా? "నీ రంగుకు అది నప్పదు" అని మీ పదేళ్ల వయసులో ఎవరో అనేసిన మాటా? లావుగా ఉన్నవాళ్లు ముదురు రంగులే వేసుకోవాలన్న ఊరుమ్మడి సలహానా? వీటిలో ఏ ఒక్కదాన్నయినా పట్టపగలు అద్దం ముందు నిలబడి మీరు పరీక్షించి చూశారా? చూడకుండా నమ్మడాన్ని మిగతా విషయాల్లో మనం ఏమని పిలుస్తామో మీకు తెలుసు. బట్టల దగ్గరకొచ్చేసరికి మాత్రం దానికి పద్ధతి అని పేరు పెడతాం.

మొన్న మా కోడలు తెప్పించిన పార్సిల్ విప్పితే ప్లాస్టిక్ సంచిలోంచి ఒక కుర్తా జారింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. జిగురు వాసన, అట్టపెట్టె వాసన వచ్చాయిగాని, నాకు తెలిసిన కొత్తబట్ట వాసన రాలేదు. గోదావరిఖనిలో మా క్వార్టర్ల వెనుక వరుసలో ఉండే మా మేనత్త ఎస్తేరమ్మ వరండాలో, బట్ట తాను విప్పగానే గుప్పుమనే గంజి వాసన, కాలితో తొక్కే కుట్టుమిషను నూనె వాసన, నిప్పులు పోసిన ఇస్త్రీపెట్టె కింద తడిబట్ట ఆవిరి కక్కే వాసన, ఈ మూడూ కలిస్తేనే నాకు కొత్తబట్ట. మేం ఆమెను ఎస్తేరత్త అనేవాళ్లం.

మా కాలనీలో రుతువులను బొగ్గు మసిని బట్టి గుర్తుపట్టేవాళ్లం. ఎండాకాలంలో అది ధూళిగా లేచి మామిడికాయ ముక్కల మీద వాలేది, వానాకాలంలో నల్లబురదగా మారి చెప్పుల్ని లాగేసేది, చలికాలంలో ఇంటింటి ముందు రాజుకునే బొగ్గుపొయ్యిల పొగగా మారి పొద్దున్నే గొంతులో కూచునేది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగుకు ముందు సైరను మోగగానే, ఏ పనిలో ఉన్న ఆడవాళ్లయినా వదిలేసి పెరట్లోకి ఉరికి తీగల మీది బట్టలన్నీ చంకల్లోకి లాక్కునేవారు. ఆ హడావుడిలో తొక్కుడుబిళ్ల ఆడే మాలో ఓడిపోయిన పిల్ల గీతలు తుడిపేసి, "నేను అవుట్ కాలే" అని బుకాయించేది. తర్వాత నేల వణికేది, కిటికీ రెక్కలు గడగడలాడేవి, కాసేపటికి ఊరంతా సన్నటి నల్లపొడి పరుచుకునేది.

అందుకే మా అమ్మలందరికీ బట్టల విషయంలో ఒకటే సూత్రం ఉండేది. మసి కనబడని రంగు కొనాలి. కాఫీ రంగు, బూడిద రంగు, ముదురు నీలం. బజార్లో బట్టలకొట్టు సేటు మేం ఏ కాలనీ నుంచి వచ్చామో విని, అడగకుండానే ఆ మూడు రంగుల తానుల్ని బల్ల మీద దొర్లించేవాడు. కొలతలోనూ ఇదే తెలివి. "ఎదిగే పిల్ల" అని రెండేళ్ల తర్వాతి ఒంటికి ఇప్పుడే కుట్టించేవాళ్లు. మా ముఖాలకు ఏది బాగుంటుందని ఎవరూ అడిగింది లేదు. బొగ్గుకు ఏది బాగుంటుందో అదే మాకు బాగుండాలి.

ఏడాదికోసారి, క్రిస్మస్‌కు మాత్రం ఈ సూత్రం సడలేది. డిసెంబరు మొదలవగానే అమ్మ బియ్యప్పిండి తడిపి సకినాలు చుట్టేది, నువ్వుల వాసనకు మేం పొయ్యి చుట్టూ మూగితే, మొదటి షిఫ్టు డ్యూటీ దిగొచ్చిన నాయిన కంటి రెప్పల అంచుల్లో ఇంకా నలుపు మిగిలి ఉండగానే అరిసెల పాకం తీగె చూడటానికి వేలు ముంచి, ఉఫ్ ఉఫ్ అని ఊదుకునేవాడు. ఆ నెలంతా సాయంత్రాలు చర్చిలో పాటల ప్రాక్టీసు. పన్నెండు మంది ఆడపిల్లలం. అందరికీ ముందు నిలబడి, మొదటి చరణం ఒక్కతే ఎత్తుకునేది మా రూతక్క. ఆమె గొంతు చర్చి గోడల్ని నింపేది. ఆమె ఒళ్లు కూడా పెద్దదే. వెడల్పు భుజాలు, పొట్టి మెడ, బలమైన చేతులు, నిగనిగలాడే నలుపు. నేనేమో ఆమె కంటే మూడేళ్లు చిన్న, సన్నగా ఉండేదాన్ని, "చిన్నదానికి ఏ బట్టయినా నప్పుతది" అన్న మెప్పును రోజూ అన్నంతోపాటు తిన్నదాన్ని.

నాకు పదకొండేళ్లప్పుడు పాస్టరమ్మ పాటల పిల్లలందరికీ ఒకే తాను తెప్పించింది. లేత గులాబీ రంగు, బుట్టచేతులు, నడుము చుట్టూ కుచ్చులు. ఆమె మంచి మనిషే. ఆఫీసర్ల పిల్లలూ, బొగ్గుబాయి పనోళ్ల పిల్లలూ ఒక్కలా కనబడాలన్నది ఆమె ఉద్దేశం, అందులో న్యాయం ఉంది. కానీ కొలతలు మాత్రం తన కూతురి మీద తీయించి, చిన్నసైజు, పెద్దసైజు అని రెండే రకాలు కుట్టించింది. అక్కకు పెద్దది కూడా చాలలేదు. కొత్త గౌన్లతో చేసిన ప్రాక్టీసులో, మొదటి చరణం ఎత్తుకుంటూ అక్క చేయి పైకి లేపగానే చంక కింద కుట్టు పర్రున చినిగింది. అందరికంటే ముందు నేను అన్నాను, "డంపర్ టైరు పేలిందే!"

ఓపెన్‌కాస్టులో బొగ్గు మోసే ఇల్లంత లారీని మేం డంపర్ అంటాం. మిగతా పదిమందీ పగలబడి నవ్వారు. నవ్వించినందుకు నాకు గర్వంగా కూడా ఉండింది. అక్క ఇంటికొచ్చి గౌను విప్పి మడతపెట్టి, నాయిన పాత ఖాకీచొక్కా తొడుక్కుని గోడవైపు తిరిగి పడుకుంది. మర్నాడు ప్రాక్టీసుకు రానంది. ఆ మర్నాడూ అంతే. వీధిలో పిల్లలు అప్పటికే ఆమెను డంపర్ అని పిలవడం మొదలుపెట్టారు. క్రిస్మస్‌కు పది రోజులుంది, ఆమె పాడటం మానేసింది. పొయ్యి ముందు కూడా పాడలేదు.

సంగతి తెలిసి ఎస్తేరత్త వచ్చింది. నన్ను తిట్టలేదు. మిట్టమధ్యాహ్నం అక్కను తన వరండాలో ఎండ పడేచోట కూచోబెట్టి, నా చేతికి అద్దం ఇచ్చి, గుడ్డముక్కల మూట విప్పింది.

"మీ అమ్మ చెప్పింది చెప్పకు, మంది చెప్పింది చెప్పకు. నీ కండ్లు ఏం చూసినయో గదే చెప్పు," అంది నాతో.

అక్క గడ్డం కింద కాఫీ రంగు ముక్క పెట్టింది. అక్క ముఖం నైట్‌షిఫ్టు దిగినట్టు వాడిపోయింది. లేత గులాబీ పెట్టింది, బూడిద చల్లినట్టయింది. ఆవపువ్వు పసుపు కొంత నయం. ఆ తర్వాత పండుమిరప ఎరుపు పెట్టింది. నేను అద్దం దించేశాను. అక్క కళ్లలో తెల్లదనం తెల్లగా, చర్మంలో నలుపు నేరేడుపండులా మెరిసింది. మా ఇంట్లో పుట్టిన మనిషిని నేను మొదటిసారి చూశాను.

అమ్మ గుమ్మంలో నిలబడి బుగ్గలు నొక్కుకుంది. "నల్ల మొఖానికి ఎర్రబట్టనా వదినే? నలుగురు నవ్వరా?"

"ఇప్పుడు నవ్వుతనే ఉన్నరు గదా. ఎర్రది తొడిగినంక గూడ నవ్వుతె నవ్వనీయి," అంది అత్త, టేపు తీస్తూ.

కుచ్చులు వద్దంది. భుజం నుంచి నిలువుగా దిగే కత్తిరింపు, మోచేతిదాకా చేతులు, పొట్టి మెడ కాస్త పొడుగ్గా కనబడేలా రెండు వేళ్లు దించిన గళా, పాడేటప్పుడు చేయి ఎత్తితే ఒదిగే వెడల్పు చంక. అక్క పొట్ట లోపలికి పీల్చి నిలబడితే వీపు మీద ఒకటి చరిచింది. "ఊపిరి ఇడువు బిడ్డా. నేను నిన్ను దాసెటందుకు కుడుతలేను. నువ్వెంత ఉన్నవో గంతకే కుడుత."

చదువుకున్న తర్వాత నేను వాద ప్రతివాదాలు ఎన్నో విన్నాను, చేశాను. పరీక్షించకుండా దేన్నీ ఒప్పుకోవద్దని నాకు మొదట నేర్పింది మాత్రం ఆ గుడ్డముక్కల మూటే.

పాస్టరమ్మ ఊరుకోలేదు, మా ఇంటికే వచ్చింది. "అందరు ఒక్కతీరుగ ఉండాలె గదా ఎస్తేరమ్మా. దేవుని ముంగట గీ సోకులెందుకు?"

"ఒక్కతీరుగ పాడమను, పాస్టరమ్మా. దేవుడు పన్నెండు మందిని పన్నెండు తీర్ల కుట్టిండు. మీ టైలరేమో ఒక్కతీరుగ కుట్టిండు. ఇద్దర్ల ఎవలది తప్పంటవు?"

పాస్టరమ్మకు నవ్వొచ్చింది, ఆపుకుంది. పేద, గొప్ప తేడా కనబడకూడదన్న తన మాట మీద మాత్రం గట్టిగా నిలబడింది. చివరికి ఒక మెట్టు దిగి, ఎర్రది తొడిగితే తొడగనీ, వెనుక వరుసలో నిలబడాలని చెప్పి వెళ్లిపోయింది. అత్త అక్కవైపు తిరిగింది. "నేను బట్ట వరకే. యాడ నిలబడాల్నో నువ్వు చూసుకో."

క్రిస్మస్ పొద్దున చర్చి కిక్కిరిసింది. నేను ముందు వరుస మధ్యలో ఉన్నాను, అక్క రానన్నాక పాస్టరమ్మ నాకు అప్పగించిన మొదటి చరణం చోటులో. అక్క పక్కద్వారం నుంచి వచ్చింది. వెనుక వరుస దాకా వెళ్లింది, ఆగింది, తిరిగి ముందుకు నడిచి నా ఎదుట నిలబడింది. నా పక్కనున్న అమ్మాయి గుసగుసగా అంది, "ఏ డంపర్, నీ జాగ ఎనుకనే."

"అవునే, డంపర్‌నే. జరుగు," అంది అక్క.

ఆ అమ్మాయి జరిగింది. నేను పూర్తిగా తప్పుకుని వెనుక వరుసలోకి వెళ్లాను. పాస్టరమ్మ మా ఇద్దర్నీ చూసింది, తర్వాత హార్మోనియం దగ్గరి మనిషికి తలూపింది. అక్క చేయి లేపింది. ఏ కుట్టూ చినగలేదు. ఆ గొంతుకు ఆఖరి బల్ల మీద కునుకుతున్న ముసలి తాత కూడా నిటారుగా లేచి కూచున్నాడు.

సమానత్వం అంటే ఒకే కొలత కాదు. ఎవరి కొలత వాళ్లకు దక్కడం. ఈ మాట నేను ఎన్ని వేదికల మీద వాదించినా, రుజువుగా నా దగ్గరున్నది ఆ ఒక్క పొద్దే.

ఇప్పుడు ఆ వరుస క్వార్టర్లు లేవు, గనిలో కలిసిపోయాయి. ఎస్తేరత్త లేదు. ఎండలో గడ్డం కింద గుడ్డ పెట్టి చూసే ఓపిక ఏ దుకాణంలోనూ లేదు. మనుషులందరినీ ఎస్, ఎమ్, ఎల్ అంటూ నాలుగైదు ఇంగ్లీషు అక్షరాల్లోకి కుదించి, ఇమడలేకపోతే నీదే తప్పంటున్నారు. అక్క నస్పూర్‌లో టీచరుగా చేసి రిటైరైంది, ఇప్పటికీ నచ్చిన రంగే కడుతుంది. చర్చిలో చోటు వదిలానే గాని, నోరు తెరిచి క్షమాపణ అడగడానికి నాకు దాదాపు యాభై ఏళ్లు పట్టింది. పోయిన ఏడాది అడిగాను.

"గిప్పుడు యాదికొచ్చిందా?" అని నవ్వింది. "ఆ పది రోజులు నేను బతుకొద్దనుకున్ననే," అంది తర్వాత.

ఎవరి ఒంటికో మీరూ ఒక పేరు పెట్టే ఉంటారు. పొట్టిదనో, కర్రనో, బస్తానో. అది మీ చెల్లెలు కావచ్చు, కూతురు కావచ్చు. నాలాగా యాభై ఏళ్లు ఆగకండి. ఈ వ్యాసం పక్కన పెట్టి ఇప్పుడే వెళ్లి ఆ మనిషిని క్షమించమని అడగండి. తర్వాత బట్టలకొట్టుకు తీసుకెళ్లండి. వెలుతురులో నిలబెట్టండి. ఎంచుకునేది ఆమె. మీరు నోరు మూసుకుని అద్దం పట్టుకోండి.