జూన్ వరకే మా బడి

మా అమ్మాయి తన పిల్లలిద్దరికీ ఇంట్లోనే చదువు చెబుతుంది. కరోనాకు బడులు మూసినప్పుడు మొదలైంది. తెరిచాక కూడా ఆపలేదు. పాల్వంచలో అల్లుడి కంపెనీ క్వార్టర్‌లో, వంటింటి ముందు చాప మీద, వాళ్లిద్దరి పక్కన మూడోదాన్ని నేను. ఈ వయసులో అక్షరాలు అక్కడే నేర్చుకున్నాను. ఇప్పుడు కూడబలుక్కుని చదువుతాను. పెద్ద వాక్యమైతే చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోతాను.

ఒకరోజు పాఠం ఇంటి బయట పెట్టింది. పొద్దున భద్రాచలంలో గిరిజన మ్యూజియం, మధ్యాహ్నం కిన్నెరసాని డ్యామ్. అల్లుడు నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పడుకున్నాడు. మేం నలుగురం బస్సెక్కాం. పిల్లలు ముందు సీట్లో కూర్చున్నాక అమ్మాయి మెల్లగా చెప్పింది.

"అమ్మా, జూన్ల వీళ్లను బడిల ఏస్తున్న. ఇగ నాతోని కాదే."

"అవ్ బిడ్డా, ఎన్నొద్దులని చేస్తవ్" అన్నాను. చాప తీసేస్తే నా చదువు కూడా పోతుందని ఆమెకు తట్టలేదు. నేనూ అనలేదు.

మ్యూజియం గుమ్మంలో అలవాటుగా చెప్పులు విడిచాను. మనవరాలు పకపకా నవ్వింది. "అమ్మమ్మా, ఇది గుడి కాదే! కొబ్బరికాయ గూడ తెచ్చినవా?" మళ్లీ తొడుక్కుందామని వంగితే మోకాలు పట్టేసింది. చెప్పులు చేత్తో పట్టుకునే లోపలికి నడిచాను.

పిల్లలు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పరుగులు. నేను ఒక బుట్ట దగ్గర ఆగాను. ఇప్పపూలు ఏరుకునే బుట్ట. కింద అట్టముక్క మీద మూడు వరుసల రాత. ఇదొక్కటైనా, ఎవరూ అందించకుండా, చివరిదాకా చదవాలనుకున్నాను. రెండో వరుస సగంలో ఉండగా మనవరాలు వచ్చి మూడూ గడగడా చదివేసి పోయింది. మళ్లీ మొదటినుంచి పట్టుకున్నాను.

"జల్దీ రావే అమ్మా, బస్సు పోతది!"

ఈసారి కూడా సగంలోనే వదిలేశాను.

డ్యామ్ దగ్గర పిల్లలు రాళ్లు, ఈకలు ఏరుతున్నారు. నీళ్లలో మొసళ్లుంటాయని అమ్మాయి కూర్చున్నచోటి నుంచే కేకలేసి కేకలేసి గొంతు పోగొట్టుకుంది. పులిహోర డబ్బా విప్పింది గానీ తినలేదు.

"ఆ ఈకల పిట్ట గురించి పిల్లలతోని రాపియ్యాలె. అదేం పిట్టనో నాకే తెల్వది" అని గోడకు తల ఆనించి కళ్లు మూసుకుంది.

అప్పుడు అడిగాను. "మరి నా సంగతేందే?"

"నీదేంది?"

"నా చదువు."

కళ్లు తెరిచి నా వైపు చూసింది. "నిన్ను ఏ బడిల ఏయాల్నే..." అని నవ్వబోయి ఆగిపోయింది.

ఈకలు తెచ్చి నా ఒళ్లో పోస్తున్న మనవరాలు అందుకుంది. "నేను చెప్త అమ్మమ్మా, బడి నుంచి వచ్చినంక. తప్పు చదివితే గుంజీలు!"

"గీ మోకాళ్లతోనా?" అన్నాను. ఆ పిల్ల నవ్వుకుంటూ మళ్లీ గట్టు దిగింది. పుస్తకాల సంచి మోసుకుని అలసి ఇంటికొచ్చే పిల్లను నేను ఏం అడగగలను?

అమ్మాయి మళ్లీ గోడకు ఆనుకుంది. తర్వాత కళ్లు మూసుకునే అంది. "వాళ్లు బడికి పోయినంక మనిద్దరం కూసుందామే. కానీ ముందుగాల కొన్ని రోజులు నన్ను పండుకోనియ్యి."

"పండుకో బిడ్డా."

డబ్బాకు మూత పెట్టాను. పిల్లలు నీళ్ల అంచుకు పోతున్నారు. ఈసారి కేక నేనే వేశాను.